ఎలుకల గదిలో పని, మన ఊపిరి

(వార్షిక సమావేశంలో కార్మికుల భద్రత అంశంపై చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద మేము సైటు భద్రత గురించే మాట్లాడుతుంటాం. ఎత్తు మీద పని, క్రేన్ కింద నిలబడడం, వడదెబ్బ, లారీ వెనక కూర్చుని ప్రయాణం. ఇవన్నీ కంటికి కనబడే ప్రమాదాలు. ఈసారి కంటికి కనబడని ఒక సంగతి చెప్పదలుచుకున్నాం. పరిశోధనల కోసం ఎలుకలను, చిట్టెలుకలను, కుందేళ్లను పెంచే గదులు ఉంటాయి. ఆ గదుల గాలిలో ఎలర్జీ తెప్పించే పదార్థం ఉంటుంది. అది పీల్చినవాళ్లలో కొందరికి ముక్కు జబ్బు, వాళ్లలో కొందరికి ఆస్తమా వస్తాయి. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

సిమెంటు, ఇనుము పని చేసేవాళ్లకు ఎలుకల గొడవ ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. సింగపూర్‌లో 2003లో బయోపోలిస్ మొదలైంది. విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల పరిశోధన విభాగాల్లో కూడా ఇలాంటి జంతు గదులు ఉన్నాయి. ఆ గదుల్లోకి మన తెలుగువాళ్లు మూడు రకాలుగా వెళ్తున్నారు. మొదటివాళ్లు ఎస్ పాస్ మీద వచ్చిన ఏనిమల్ టెక్నీషియన్లు. వీళ్లలో కొందరు హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పని నేర్చుకుని వచ్చినవాళ్లు. రెండోవాళ్లు ఏసీ, డక్టింగ్, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ వాళ్లు. ఫిల్టర్లు మార్చేది, ఫాల్స్ సీలింగ్ పైకెక్కేది వీళ్లే. మూడోవాళ్లు మాలాంటి రెనొవేషన్ వాళ్లు. పాత గోడ కొట్టేది, నేల చెక్కి ఎపాక్సీ వేసేది మేము. మొదటివాళ్లకు కంపెనీ ఎంతో కొంత శిక్షణ ఇస్తుంది. రెండో, మూడో రకం వాళ్లకు సాధారణంగా ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాల్సి వస్తోంది.

ముందుగా అసలు ఆ పదార్థం ఏమిటో చూద్దాం. ఎలుక వెంట్రుకల వల్ల ఎలర్జీ వస్తుందని చాలామంది అనుకుంటారు. వెంట్రుక ఒక్కటే కారణం కాదు. ఎలుక మూత్రంలో ఒక ప్రొటీన్ ఉంటుంది. చిట్టెలుకలో ఉండేదాన్ని మస్ ఎం 1 అని, పెద్ద ఎలుకలో ఉండేదాన్ని ర్యాట్ ఎన్ 1 అని అంటారు. మగ ఎలుకల మూత్రంలో ఇది ఎక్కువ. పంజరంలో పరిచిన చెక్క పొట్టులోకి మూత్రం ఇంకుతుంది, ఎండుతుంది, పొడి అవుతుంది. ఎలుక అటూ ఇటూ తిరిగినా, మనం పంజరం కదిపినా ఆ పొడి లేస్తుంది. ఎలుక ఒంటిమీద రాలే పొలుసులకు, వెంట్రుకలకు, ఎంగిలికి కూడా ఈ ప్రొటీన్ అంటుకుని ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ పొడిలో 10 మైక్రాన్ల కన్నా చిన్న కణాలు కూడా ఉంటాయి. అవి తొందరగా కిందకి దిగవు. గాలిలో తేలుతూ ఉండి ఊపిరితో లోపలికి పోతాయి.

సైటులో కాంక్రీటు కోసేటప్పుడు దుమ్ము ఎలా లేస్తుందో మనకు తెలుసు. నీళ్లు కొడితే అణుగుతుంది, పొడి చీపురుతో ఊడిస్తే లేస్తుంది. ఇక్కడా అదే లెక్క. తేడా ఏమిటంటే కాంక్రీటు దుమ్ము కంటికి కనబడుతుంది, గొంతు గరగరలాడిస్తుంది. ఈ పొడి కనబడదు. వాసన రాకపోయినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఎలుకల గదిలో వచ్చే ఘాటు అమ్మోనియాది, ఎలర్జీ పదార్థానిది కాదు.

ఇప్పుడు జబ్బు ఎలా మొదలవుతుందో చూద్దాం. మొదటి రోజే ఏమీ కాదు. మొదటి నెలలో కూడా ఏమీ కాకపోవచ్చు. ఆ నెలల్లో మన ఒళ్లు లోపల్లోపల ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకున్నాక కొంచెం తగిలినా ఎదురు తిరుగుతుంది. ఎక్కువమందికి పనిలో చేరిన మొదటి మూడేళ్లలోనే లక్షణాలు బయటపడతాయి. "రెండేళ్లు చేశాను, నాకేం కాలేదు" అనే మాటను అందుకే నమ్ముకోకూడదు.

లక్షణాలు తరచుగా ముక్కుతో మొదలవుతాయి. వరసగా తుమ్ములు, నీళ్లలా ముక్కు కారడం, కళ్లు దురద పెట్టి ఎర్రబడడం. పంజరం గీరుకున్న చోట, ఎలుక పాకిన చోట చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. కొందరిలో ఇది ఇక్కడితో ఆగుతుంది. మరికొందరిలో కొన్ని నెలలకో, ఏడాదికో ఛాతీలోకి దిగుతుంది. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం. అదే ఆస్తమా. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1998లో ఒక హెచ్చరిక ప్రచురించింది. జంతువులతో పనిచేసేవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఎలర్జీ లక్షణాలు ఉంటాయని, సుమారు పదిమందిలో ఒకరికి ఆస్తమా లక్షణాలు ఉంటాయని అందులో చెప్పింది. అరుదుగా, ఎలర్జీ ఉన్నవాళ్లను ఎలుక కరిస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఊపిరాడక ప్రాణం మీదికి రావడం కూడా ఉంది. అప్పుడు వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఉబ్బసం, ధూళి ఎలర్జీ ముందే ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. కానీ ఎప్పుడూ తుమ్మని మనిషికి కూడా వస్తుంది. బలమైన మనిషికి రాదనే మాట తప్పు. రోజూ యాభై కిలోల బస్తాలు మోసేవాడి ముక్కూ, ఆఫీసులో కూర్చునేవాడి ముక్కూ ఒకటే.

మాకు తెలిసిన ఒక తమ్ముడి సంగతి చెబుతాం. అతని పేరు, ఊరు, కంపెనీ ఇక్కడ చెప్పం. హైదరాబాద్‌లో రెండేళ్లు పని చేసి ఇక్కడికి టెక్నీషియన్‌గా వచ్చాడు. పంజరాలు మార్చడం, మురికి పొట్టు పారబోయడం అతని పని. నాలుగో నెలలో తుమ్ములు మొదలయ్యాయి. మనందరి బ్యాగుల్లోనూ ఊరి నుంచి తెచ్చుకున్న సెట్రిజిన్ పట్టీ ఉంటుంది కదా, అది రోజూ ఒకటి వేసుకున్నాడు. తుమ్ములు తగ్గాయి, పని నడిచింది. ఊరి నుంచి ఎవరొచ్చినా ఇంకో నాలుగు పట్టీలు పంపమని అమ్మకు చెప్పేవాడు. పది నెలలయ్యాక రాత్రి రెండింటికి దగ్గు. గదిలో పడుకున్నవాళ్లు ఫ్యాను గాలి పడలేదన్నారు. ఇండోనేషియా నుంచి పొగమంచు వచ్చే రోజులు కాబట్టి అదే కారణమనుకున్నారు. అక్క పెళ్లికి నెల రోజులు ఊరెళ్తే దగ్గు మాయమైంది. సింగపూర్ నీళ్లు పడలేదని ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చిన మూడో రోజుకే పిల్లికూతలు. ఆఖరికి ఒక రాత్రి ఊపిరాడక ఆసుపత్రిలో చేరాడు. అక్కడ ఛాతీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఏం పని చేస్తావు?" అంతకుముందు నాలుగుచోట్ల చూపించుకున్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఈ గదిలో ఉన్న అందరికీ తెలుసు. చెబితే పని నుంచి తీసేస్తారని భయం. పాస్ రద్దయితే ఏజెంటుకు కట్టిన అప్పు అలాగే ఉంటుంది. చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు, తమ్ముడి కాలేజీ ఫీజు అన్నీ ఆ జీతం మీదే నిలబడి ఉంటాయి. ఆ భయం ఉత్తదే అని మేము అనం. ఆ తమ్ముణ్ణి జంతువులు లేని వేరే విభాగానికి మార్చారు. ఓవర్‌టైం తగ్గింది, ఇంటికి పంపే డబ్బు తగ్గింది. ఇప్పటికీ జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని తిరుగుతున్నాడు. ఈ నష్టం నిజం.

మేము చెప్పే మాట ఒక్కటే. ముక్కు దగ్గర ఉన్నప్పుడు చెబితే పోయేది చిన్నది. ఛాతీలోకి దిగాక చెబితే పోయేది పెద్దది. తుమ్ముల దశలో బయటపెడితే మాస్కు మార్చి, పని పద్ధతి మార్చి, పొట్టు పారబోసే పని తప్పించి అదే ఉద్యోగంలో కొనసాగే దారి ఉంటుంది. ఆస్తమా వచ్చాక కూడా పీలుస్తూ పోతే, ఆ పని పూర్తిగా మానేసినా జబ్బు మిగిలిపోవచ్చు. లక్షణాలు మొదలయ్యాక ఎన్ని నెలలు ఎక్కువ పీలిస్తే నయమయ్యే అవకాశం అంత తగ్గుతుంది. అప్పుడు ఈ పనికే కాదు, దుమ్ము ఉండే ఏ సైటు పనికైనా మనం పనికిరాకుండా పోతాం. సెట్రిజిన్ మాత్ర తుమ్మును ఆపుతుంది గానీ గదిలోని గాలిని బాగుచేయదు. మాత్రతో నెట్టుకొస్తున్నామంటే, మోగుతున్న ఫైర్ అలారం వైరు పీకి పడుకున్నట్టే.

ఇది పని వల్లే వస్తోందా, వేరే కారణమా అని తెలుసుకోవడానికి మనమే గమనించుకోగలిగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆదివారం తేలికగా ఉండి సోమవారం, మంగళవారం పెరుగుతోందా? ఊరికి సెలవు మీద వెళ్తే తగ్గి, వచ్చిన వారంలో మళ్లీ మొదలైందా? ఫలానా గదిలోకి వెళ్లిన రోజే ఎక్కువగా ఉందా? ఒక్కోసారి గదిలో ఉన్నప్పుడు ఏమీ అనిపించదు. నాలుగు నుంచి ఎనిమిది గంటలు గడిచాక, డార్మిటరీలో పడుకున్నప్పుడు దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే తప్పు మంచం మీదికి, ఫ్యాను మీదికి పోతుంది. డార్మిటరీలో దుమ్ము పురుగులు, బొద్దింకలు కూడా ఎలర్జీ తెప్పిస్తాయి, నిజమే. తేడా తేల్చాల్సింది డాక్టరు. కానీ మనం పని చెప్పకపోతే డాక్టరు తేల్చలేడు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదటి వాక్యం ఇదే కావాలి: "నేను ఎలుకలున్న గదుల్లో పని చేస్తాను, అక్కడికి వెళ్లాక ఇలా అవుతోంది."

పరీక్షలు మూడు ఉంటాయి. చర్మం మీద చుక్కవేసి గుచ్చి చూసేది ఒకటి. దీనికి ముందు కొన్ని రోజులు సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపమంటారు. మీరు రోజూ వేసుకుంటుంటే ఆ సంగతి దాచకండి, పరీక్ష తప్పు వస్తుంది. రెండోది రక్తపరీక్ష, మాత్ర వేసుకున్నా ఇది చేయవచ్చు. మూడోది పీక్ ఫ్లో మీటర్. ప్లాస్టిక్ గొట్టంలాంటి చిన్న పరికరం, ఖరీదు తక్కువ. గట్టిగా ఊదితే ముల్లు ఒక అంకె చూపిస్తుంది. రోజుకు నాలుగుసార్లు, కనీసం రెండు మూడు వారాలు, పని ఉన్న రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ ఊది రాసుకోవాలి. పని రోజుల్లో అంకె పడిపోయి, సెలవుల్లో లేస్తుంటే ఆ కాగితం మీ తరఫున గట్టి సాక్ష్యం. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే అలవాటు పడిపోతామని భయపడి మానేయకండి. అది అలవాటు చేసే మందు కాదు.

ఇప్పుడు గాలిని బాగుచేసే సంగతికి వద్దాం. ఇది మా పనికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ఈ పొడి అన్నింటికన్నా ఎక్కువగా లేచేది పంజరాలు మార్చేటప్పుడు, మురికి పొట్టు పారబోసేటప్పుడు, నేల ఊడ్చేటప్పుడు. గదిలో గంటకు 10 నుంచి 15 సార్లు కొత్త గాలి మారాలని జంతు గదుల గైడు చెబుతుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచురించిన ఆ గైడును చాలా దేశాలు చూసుకుంటాయి. కానీ గదిలో గాలి ఎంత మారినా, మన ముఖం ముందే పొట్టు కుమ్మరిస్తుంటే అది ముందు మన ముక్కులోకే వస్తుంది. దాన్ని లేచిన చోటే లాగేయాలి. అందుకే పొట్టు పారబోయడానికి గాలిని కిందికో లోపలికో లాగే ప్రత్యేక టేబుల్ ఉంటుంది. పంజరాలు మార్చడానికి ఫిల్టరున్న క్యాబినెట్ ఉంటుంది. ఉన్నవి వాడాలి, లేకపోతే అడగాలి. టేబుల్ ఆన్ చేస్తే చప్పుడని, పని నెమ్మదిస్తుందని స్విచ్ ఆపేసేవాళ్లను చూశాం. అది చేయకండి. పొడి చీపురు వద్దు. తడి గుడ్డ, తడి మాప్, లేదా హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి. కంప్రెసర్ గాలితో ఊదడం అసలే వద్దు.

ఇక పంజరాలు. ఇప్పుడు చాలాచోట్ల ఒక్కో పంజరానికి విడిగా గాలి పంపే ర్యాకులు వచ్చాయి. వీటిని ఐవీసీ అంటారు. ఇవి ఉంటే గదిలోకి వచ్చే పొడి బాగా తగ్గుతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పంజరంలో గాలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ పెడితే ఎలుకకు బయటి క్రిములు సోకవు, కానీ సందుల్లోంచి గాలి గదిలోకి, మనవైపు కారుతుంది. ఒత్తిడి తక్కువ పెడితే పొడి లోపలే ఉంటుంది. గదుల విషయంలోనూ ఇంతే. ఎలుకలను కాపాడడానికి కొన్ని గదుల్లో ఒత్తిడి ఎక్కువ పెడతారు. అప్పుడు తలుపు తీసిన ప్రతిసారీ గాలి కారిడార్‌లోకి వస్తుంది. ఆ కారిడార్‌లో మన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నిలబడి ఉంటాడు. అతను గదిలోకి అడుగుపెట్టలేదు కాబట్టి తనకేమీ తగలదనుకుంటాడు. తలుపు దగ్గర ఒత్తిడి చూపించే గేజ్ ఉంటుంది. గాలి ఎటు పోతోందో ఆ గేజ్ చూసి అడిగి తెలుసుకోండి.

మెయింటెనెన్స్, రెనొవేషన్ వాళ్లకు ప్రత్యేకంగా నాలుగు మాటలు.

ఒకటి. పని కోసం ఏహెచ్‌యూ ఆపినప్పుడు ఒత్తిడి లెక్కంతా మారిపోతుంది. అప్పటిదాకా మనకు దూరంగా పోతున్న గాలి మనవైపు తిరగొచ్చు. పర్మిట్ టు వర్క్‌లో ఏ ఏహెచ్‌యూ, ఎంతసేపు, ఆ సమయంలో పక్కగదిలో జంతువులు ఉన్నాయా అని రాసి ఉండాలి. రాసి లేకపోతే పని మొదలుపెట్టక ముందే అడగండి.

రెండు. ఆ గదుల నుంచి గాలి బయటికి లాగే డక్టులో, దాని ప్రీ-ఫిల్టర్లలో ఏళ్ల తరబడి పేరుకున్న పొడి ఉంటుంది. ఫిల్టరు తీసి గోడకేసి దులపకండి. ఉన్నచోటే సంచిలోకి దించి, మూతి కట్టి కిందికి తేవాలి. డక్టు కోయబోయే ముందు లోపల వాక్యూమ్ చేయించాలి.

మూడు. జంతువులను ఖాళీ చేసి గది మనకు అప్పగించినా పొడి ఖాళీ కాదు. ఎలుకలు వెళ్లిపోతాయి, సీలింగు మీది దుమ్ము అక్కడే ఉంటుంది. గోడలు కొట్టక ముందే గదిని తడిగా తుడిపించి, శుభ్రం చేశామని యజమాని నుంచి కాగితం తీసుకోవాలి. మా సూపర్‌వైజర్లు ఆ కాగితం లేకుండా హ్యామర్ ఆన్ చేయనివ్వరు. మీ సూపర్‌వైజరు కూడా అలాగే ఉండాలని అడగండి.

నాలుగు. బట్టలు. ఈ పొడి జుట్టుకు, చొక్కాకు అంటుకుని బయటికి వస్తుంది. అదే చొక్కాతో లారీ ఎక్కి, అదే చొక్కాతో మంచం మీద పడుకుంటే గదిలో ఉన్న పదిమందికీ అది చేరుతుంది. లోపల వేసుకున్న కవరాల్ లోపలే విడవాలి. స్నానం చేసి, వేరే బట్టలు వేసుకుని బయటికి రావాలి. ఆ బట్టలు డార్మిటరీలో ఉతకకూడదు, కంపెనీ ఉతికించాలి.

మాస్కు గురించి ఎక్కువమంది అడుగుతారు. మామూలు నీలం సర్జికల్ మాస్కు అంచుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. అది చాలదు. ఎన్95 కావాలి, అది మీ ముఖానికి సరిపోయిందో లేదో ఫిట్ టెస్ట్ చేయాలి. గడ్డం ఉంటే ఎన్95 ముఖానికి అతుక్కోదు. ఇప్పటికే ఎలర్జీ ఉన్నవాళ్లకు డాక్టరు సలహా మీద బ్యాటరీతో శుద్ధిచేసిన గాలి పంపే హుడ్ ఇవ్వవచ్చు. చేతి తొడుగులు నైట్రైల్‌వి అడగండి, ఎందుకంటే రబ్బరు తొడుగుల లాటెక్స్ కూడా కొందరికి ఎలర్జీ. ఒక మాట గుర్తుంచుకోవాలి. మాస్కు ఆఖరి అడ్డం మాత్రమే. గాలిని బాగుచేయకుండా మాస్కు ఒక్కటి చేతిలో పెట్టి పంపిస్తే అది భద్రత కాదు.

ఇక చట్టం సంగతి. సింగపూర్‌లో వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం 2006లో వచ్చింది. 2011 సెప్టెంబరు నుంచి అది అన్ని పనిచోట్లకూ వర్తిస్తుంది. కట్టడాల సైటుకు ఎంతో, ప్రయోగశాలకూ అంతే. దాని కింద యజమాని రిస్క్ అసెస్‌మెంట్ చేయాలి, కనీసం మూడేళ్లకోసారి తిరిగి చూడాలి. జంతు గదిలో మనకు పని ఇచ్చారంటే ఆ కాగితంలో జంతువుల ఎలర్జీ అనే లైను ఉండాలి. పని ప్రదేశంలో వచ్చిన ఆస్తమా ప్రభుత్వం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. డాక్టరు రాతపూర్వకంగా నిర్ధారించాక యజమాని 10 రోజుల్లో మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్‌కు తెలియజేయాలి. వర్క్ ఇంజురీ కాంపెన్సేషన్ చట్టం కింద వైద్యఖర్చు, మెడికల్ లీవు జీతం, శాశ్వత నష్టం ఉంటే పరిహారం అడగవచ్చు. క్లెయిము ఏడాదిలోపు వేయాలి, లాయరు అక్కర్లేదు. ఇది పౌరులకు, విదేశీ కార్మికులకు ఒకటే. పరిహారం వదులుకుంటున్నానని ఏదైనా ఒప్పందంలో ముందే రాయించుకుంటే ఆ రాత చెల్లదు. క్లెయిము నడుస్తుండగా పాస్ రద్దయితే, కేసు కోసం ఇక్కడ ఉండడానికి మినిస్ట్రీ స్పెషల్ పాస్ ఇచ్చే పద్ధతి ఉంది. చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

కాబట్టి ఈ రోజు నుంచే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తేదీన ఏ గదిలో పనిచేశారు, ఏం లక్షణం, ఎంతసేపు, అని ఒక్కో లైను రాయండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు. మెడికల్ సర్టిఫికెట్లు, మందుల చీటీలు, పేస్లిప్పులు ఫోనులో ఫొటోలు తీసి ఇంటికి ఒక కాపీ పంపండి. సూపర్‌వైజరుకు నోటితో చెప్పడమే కాక ఒక మెసేజ్ కూడా పెట్టండి, అది తేదీతో సహా ఉండిపోతుంది. "అన్నా, ఆ గదిలోకి వెళ్తే తుమ్ములు ఆగట్లేదు, డాక్టరుకు చూపించుకోవాలి" అన్నా చాలు. ఫోరం తరఫున ఆ నోటుబుక్కును ఇంగ్లీషులోకి రాసిపెట్టడానికి, మైగ్రంట్ వర్కర్స్ సెంటర్ దగ్గరికి తోడు రావడానికి మా కమిటీలో ఉన్నవాళ్లం సిద్ధంగా ఉన్నాం.

తోటి సూపర్‌వైజర్లకు కూడా ఒక మాట. మన కింద పనిచేసే మనిషి తుమ్ముతున్నాడని చెబితే "ఒక మాత్ర వేసుకో, పని కానీ" అనడం తేలిక. షెడ్యూలు మన మెడ మీద ఉంటుంది, నిజమే. కానీ టూల్‌బాక్స్ మీటింగులో రెండు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. "లోపల జంతువులున్నాయా? ఎవరికైనా లోపలికెళ్తే ముక్కు, కళ్లు, ఛాతీ ఇబ్బందిగా ఉందా?" ఉందన్న మనిషిని ఆ రోజు వేరే పనిలో పెట్టడానికి మన చేతిలో అధికారం ఉంది. ఆ మనిషి పేరు తీసేసే జాబితాలో చేర్చకపోవడం కూడా మన చేతిలోనే ఉంది. ఒకణ్ణి చెప్పినందుకు పంపించేస్తే మిగతా పదిమంది ఇక జన్మలో చెప్పరు.

ఈ సంగతి సింగపూర్‌తోనే ఆగదు. రేపు మీలో కొందరు ఊరికి తిరిగి వెళ్లి జీనోమ్ వ్యాలీ లాంటి చోట్ల ఇదే పనిలో చేరొచ్చు. హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థలోని ప్రయోగశాల జంతు శాస్త్ర జాతీయ కేంద్రం జంతువుల సంరక్షణలో శిక్షణ ఇచ్చింది. మీ బావమరిదో, చిన్నాన్న కొడుకో ఆ పనిలో చేరుతుంటే ఈ రోజు విన్నది వాళ్లకూ చెప్పండి. చేరిన రోజే ఊపిరి పరీక్ష చేయించుకుని ఆ అంకె దాచుకోమనండి. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చడానికి అది ఒక్కటే ఆధారం.

ఈ పరిశోధనల మీద మాకు ఏ వ్యతిరేకతా లేదు. మనం వేసుకునే మందులు, మన పిల్లలకు వేయించే టీకాలు ఇలాంటి గదుల నుంచే వస్తాయి. ఆ గదుల్లో పనిచేసే శాస్త్రవేత్తలకు కూడా ఇదే ఎలర్జీ వస్తుంది. అందరికీ ఉపయోగపడే పని చేసే చోట, ఆ పని చేసేవాళ్ల ఊపిరి కూడా లెక్కలోకి రావాలన్నదే మా మాట.

వచ్చే ఆదివారం ఆరోగ్య శిబిరంలో ఈ పని చేసేవాళ్లందరికీ పీక్ ఫ్లో మీటర్ ఊదడం నేర్పిస్తాం. తుమ్ములున్నవాళ్లే కాదు, లేనివాళ్లు కూడా రండి. వచ్చేటప్పుడు మీ బ్యాగులోని సెట్రిజిన్ పట్టీ కూడా పట్టుకురండి. అందులో ఎన్ని మాత్రలు మిగిలాయో, ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారో డాక్టరుగారికి అదే మొదటి సమాధానం.